రూపాయి వంజరం

పోయినవి ఇవి: మూడు వంజరాలు, తొమ్మిది చందువలు, నలభై రెండు కానాగంతలు, పదకొండు పోగుల నెత్తళ్ళు. గంప అడుగున గోనెగుడ్డ కింద చేపలమ్మే ఆమె తన ఇంటి కూరకని దాచుకున్న రెండు పీతలు. ఆ తర్వాత మూడు ఉదయాల వ్యాపారం. ఆపైన, దాదాపు రెండు నెలలపాటు మా వీధిలో ఆమె కేక. చేపలన్నీ మా కాలనీ పార్కు గేటు దగ్గర ముప్పావుగంటలో పోయాయి. తుఫాను రాలేదు, దొంగలు పడలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పొద్దుటి నడకకు వచ్చిన పెద్దమనుషులు. వాళ్లను అక్కడికి పోగుచేసింది ఒక తెల్లబోర్డు.

బోర్డు మా కాలనీ సంఘం కార్యదర్శిది. ఆయన రుషికొండలో ఒక ఆఫీసులో ఉద్యోగులకు ఉత్సాహం ఎక్కించే పని చేస్తాడు. అక్కడ ఎక్కించగా మిగిలినది పొద్దున్నే మాకు పోసేవాడు. రోజుకొక తారీఖు, ఆ తారీఖున ప్రపంచంలో ఎక్కడో జరిగి అందరూ మరిచిపోయిన ఒక సంగతి, దాని కింద మన బతుకులకు పనికొచ్చే ఒక నీతి. సేఫ్టీ పిన్నుకు పేటెంటు దొరికిన రోజు వచ్చింది. "చిన్నదే, కానీ పట్టు వదలదు. మీరూ వదలకండి" అని రాశాడు. మొదటి పార్కింగ్ మీటరు పాతిన రోజున "మీ ప్రతి నిమిషానికీ విలువ ఉంది" అని రాసి, తన కారును మాత్రం ఎప్పటిలాగే నీళ్ల ట్యాంకరు దారికి అడ్డంగా పెట్టాడు. మన రేవులోకి మొదటి ఓడ వచ్చిన రోజున "మీలోకి కూడా ఒక ఓడను రానివ్వండి" అన్నాడు. నేను ఇరవై ఆరేళ్లుగా రేవులో ఓడల్లోంచి దిగే సరుకు లెక్కపెడుతున్నవాణ్ణి. ఓడ లోపలికి రావాలంటే ముందు ఎంత బురద తవ్వి పోయాలో నాకు తెలుసు. బురద సంగతి ఆ బోర్డు మీదికి ఎప్పుడూ రాలేదు.

జనం బోర్డు ముందు ఆగి, ఫొటో తీసుకుని, చుట్టాలకు పంపి, ఇడ్లీ బండి వైపు నడిచేవారు. ఉత్సాహం సుమారుగా ఇడ్లీ బండి దాకా ఉండేది.

మా ఎదురింటాయన ఈ ఊరివాడే. ఉక్కు కర్మాగారంలో పని. నన్ను బావా అంటాడు. గేటు దగ్గర నన్ను చూసినప్పుడల్లా కదిపేవాడు.

"ఏటి బావ, రేపేటంట? దువ్వెన పుట్టిన్రోజా?"

"దువ్వెనకి తారీఖు దొరకలేదట."

"దొరికినా రాయడులే. ఆయనకి దువ్వెనతో పనేటుంది."

నాకూ ఆ బోర్డుకూ ఒక్కటే సంబంధం. ఫలానా ఏడాది ఫలానా తారీఖు ఏ వారం పడిందో అడగడానికి కార్యదర్శి నా దగ్గరికి వచ్చేవాడు. నా చదువు ఇంటరుతో ఆగింది. తారీఖుల లెక్కా, తిథుల లెక్కా రేవులో ఓడ కోసం కాచుకునే ఖాళీ గంటల్లో సొంతంగా నేర్చుకున్నాను. వారం చెప్పగానే ఆయన "అద్భుతం సర్" అని వెళ్లిపోయేవాడు. ఆ రోజు ఎవరికి ఏం జరిగింది, వాళ్లు తర్వాత ఏమయ్యారు అని ఆయన ఏనాడూ కుతూహలపడగా నేను చూడలేదు. కొబ్బరిబోండాం కొట్టి నీళ్లు తాగి డొల్ల విసిరేసేవాళ్లు ఉంటారు. ఈయన డొల్ల ఉంచుకుని నీళ్లు పారబోసేవాడు.

ఇక చేపలమ్మే ఆమె. మా వీధిలో అందరం ఆమెను అప్ప అంటాం. భీమిలిలో పుట్టి, మా నగరం ఒడ్డున ఉన్న జాలరి కుటుంబానికి కోడలిగా వచ్చింది. తెల్లారకముందే చేపలరేవులో వేలంపాట పాడి సరుకు ఎత్తుకుంటుంది. అక్కడ ఆమెకు అరువు ఉంది. పొద్దున సరుకు, సాయంత్రానికి సొమ్ము. సాయంత్రం కట్టకపోతే మర్నాడు పాటలో నిలబడనివ్వరు.

చాలా ఏళ్ల కిందట ఒక మార్గశిరంలో ఆమె భర్త ఎక్కిన పడవ ఇంజను చెడి గాలికి కొట్టుకుపోయింది. ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్నాక, భీమిలికి అవతల ఒడ్డున ఆయన బతికి దొరికాడు. ఆ రోజు బహుళ విదియ. అప్పటినుంచి ఏటా మార్గశిర బహుళ విదియ నాడు అప్ప బేరం ఆడదు. కొనేవాళ్లు ఎంత చెబితే అంతకు ఇచ్చేస్తుంది. అది అమ్మవారికి మొక్కు. ఇదేం మొక్కని మా ఆవిడ ఒకసారి అడిగింది.

"ఆయమ్మ నా కాడ బేరం ఆడనేదు గదమ్మా" అంది అప్ప.

ఈ సంగతి వీధిలో ఐదారు ఇళ్లకే తెలుసు. ఆ రోజు మేము మామూలు ధరకంటే కాస్త ఎక్కువే చెప్పేవాళ్లం. కాదనకూడదు కాబట్టి ఆమె దాన్నీ కాదనలేక మమ్మల్ని తిట్టుకుంటూ తీసుకునేది. ఏడాదికోసారి ఆ తిట్లు తినడం మాకు బాగానే ఉండేది.

కార్యదర్శి భార్య అప్ప దగ్గర కొత్తగా కొనడం మొదలుపెట్టిన ఏడాది ఈ మొక్కు చూసి, ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. ఆయన ఆనాటి ఇంగ్లీషు తారీఖు ఫోనులో ఎక్కించుకున్నాడు. మరుసటి ఏడు ఆ తారీఖు రాగానే బోర్డు నిండా రాశాడు: "మన మధ్యనే ఒక మహా విశ్వాసం. సముద్రం తిరిగిచ్చిన భర్త కోసం ఈ తల్లి ఈ రోజు మీరు చెప్పిన ధరకే చేపలిస్తుంది. రండి, స్ఫూర్తి పొందండి." అదే పక్క రెండు కాలనీల వాళ్లకూ ఫోన్లలో పంపాడు.

చాంద్రమానపు ఏడాది ఇంగ్లీషు ఏడాదికంటే పదకొండు రోజులు పొట్టిది. మధ్యలో అధికమాసం పడకపోతే తిథి ఆ మేరకు ముందే వచ్చేస్తుంది. ఆ ఏడు అధికమాసం లేదు. అసలు విదియ వెళ్లిపోయి పదకొండు రోజులైంది. అప్ప మొక్కు చెల్లించింది, మేము తిట్లు తిన్నాం. ఎక్కడో ఖండాంతరాల్లో పార్కింగ్ మీటరు ఏ వారం పాతారో అడిగిన మనిషి, మా గేటు ముందు జరిగే సంగతికి తిథి ఏమిటని నన్ను అడగలేదు.

నేను పాలప్యాకెట్ల కోసం వెళ్లేసరికి గంప చుట్టూ జనం. ఎప్పుడూ చేప ముట్టనివాళ్లు కూడా సంచులు తెచ్చుకున్నారు.

"నేడు గాదు బాబూ" అంటోంది అప్ప. "మొన్న విదియనాడే అయిపోనాది."

"బోర్డు మీద రాశారు కదమ్మా" అన్నాడు మెడలో తువ్వాలు వేసుకున్న ఒకాయన.

"రాసినోలు రాసినారు. నాను సెప్పనేదు."

"అమ్మవారికి మొక్కుకుని, జనం వస్తే కాదంటావా?"

ఆ మాటకు గంప మీద అడ్డుపెట్టిన ఆమె చెయ్యి పక్కకు జరిగింది. అమ్మవారి పేరు పెట్టి అడిగితే కాదనే ధైర్యం ఆమెకు లేదు. ఆ సంగతి తువ్వాలు ఆయనకు అర్థమైంది, ఆయన వెనకవాళ్లకూ అర్థమైంది. చందువ పది రూపాయలన్నారు. కానాగంతలు డజను ఇరవై అన్నారు. ఒకావిడ ఐదు రూపాయలిచ్చి వంజరం తీసుకుని, ముక్కలు కూడా కొట్టించుకుంది. అప్ప తల ఎత్తకుండా కొట్టి ఇచ్చింది.

కార్యదర్శి అందరికంటే చివర వచ్చాడు. చెప్పులు విడిచాడు. ఒక్క రూపాయి బిళ్ల ఆమె చేతిలో పెట్టి, మిగిలిన వంజరాన్ని, మూడింటిలో పెద్దదాన్ని, రెండు చేతులా అందుకుని ఫొటో తీయించుకున్నాడు.

"రూపాయి ప్రతీక మాత్రమే సర్" అన్నాడు నాతో.

"విదియ పదకొండు రోజుల కిందటే అయిపోయింది. ఇవాళ త్రయోదశి" అన్నాను.

"తేదీ ముఖ్యం కాదు సర్. భావన ముఖ్యం."

"మరి బోర్డు మీద రోజూ తారీఖు ఎందుకు వేస్తారు?"

"మీరు ప్రతిదాన్నీ లెక్కలోకి లాగుతారు" అని నవ్వి, ప్రతీక ఇచ్చి తీసుకున్న అసలు చేపను సంచిలో పెట్టుకున్నాడు.

జనం పోయాక అప్ప కల్వర్టు గట్టు మీద కూర్చుంది. ఖాళీ గంపలో ఐసు ముక్కలు. సాయంత్రం పాట సొమ్ము కట్టాలి. చీర కొంగులో ఉన్న చిల్లర అందులో ఏ మూలకూ రాదు. ఆమె మాత్రం సొమ్ము మాట ఎత్తలేదు.

"బాబూ, నువ్వు లెక్కలు కట్టేవోడివి గదా. ఇది మొక్కులోకి వత్తాదా, రాదా?"

"ఎందుకు?"

"మొక్కైతే ఇచ్చింది తిరిగి అడక్కూడదు. గాపోతే ఆలు నాకు ఇయ్యాల. అమ్మోరు తినేసిందో, ఆలు తినేసినారో నాకు తెలియాల గదా."

నేను వేళ్ల మీద మరోసారి కట్టి చూశాను. తెలిసిన లెక్కే. అయినా ఆమె ముందు తప్పకూడదనిపించింది. త్రయోదశే, ఎటు తిప్పినా విదియ కాదు అన్నాను.

"నానూ సూసినాను తెల్లారగట్ట. సంద్రుడు గోరంత ఉన్నాడు" అంది. "అయితే బాకీయే" అని గంప బోర్లించి ఐసు పారబోసి లేచింది.

ఆ సాయంత్రం నేనూ ఎదురింటాయనా సర్దగలిగింది ఇచ్చాం, సరిపోలేదు. మూడు ఉదయాలు ఆమెను పాటలో నిలబడనివ్వలేదు. తోటికోడలు పూచీ పడితే నాలుగో రోజున నిలబడింది. మా వీధి వైపు మాత్రం రాలేదు.

సంఘం సమావేశంలో లేచి ఈ సంగతి చెప్పాను. కార్యదర్శి చాలా కదిలిపోయాడు. కదలడం ఆయన వృత్తి. ఆమెను పిలిచి శాలువా కప్పుదామన్నాడు.

"శాలువాతో పులుసెట్టుకోమంతారా?" అన్నాడు ఎదురింటాయన. ఇద్దరు నవ్వారు. తీర్మానం శాలువాకే పాసయింది. ఆమె రాలేదు కాబట్టి శాలువా సంఘం బీరువాలో ఉంది.

రెండు నెలల తర్వాత ఆమె తిరిగి వచ్చింది. ఎదురింటాయనను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. సరుకు ఎవరి చేతిలో ఏ దారిన పోయిందో చూడటమే నా ఉద్యోగం కాబట్టి ఎక్కువమంది నా ముందు బొంకలేకపోయారు. డబ్బు అంటే మళ్లీ ధర దగ్గర బేరం పెడతారు. అందుకని పద్ధతి ఇలా పెట్టాను: ఏ చేప పట్టుకెళ్లారో ఆ చేపకు ఇవాళ్టి ధర ఇచ్చి, చేపను గంపలోనే వదిలెయ్యాలి. ఆమె దాన్ని ఇంకొకరికి అమ్ముకుంటుంది.

నెత్తళ్లు పట్టుకెళ్లింది అపార్టుమెంట్ల కాపలావాళ్లు, ఇస్త్రీ బండి ఆయన, పనిమనుషులు. పదకొండు పోగులూ ఆ వారంలోనే తీరిపోయాయి. పెద్ద చేపల దగ్గరే ఆలస్యం. తువ్వాలు ఆయన "ప్రసాదంగా తిన్నాం, ప్రసాదాన్ని తిరిగివ్వకూడదు" అన్నాడు. ముక్కలు కొట్టించుకున్నావిడ మూడో నెలలో ఇచ్చింది. ఇంకో వంజరం తిన్నాయన బదిలీ మీద వెళ్తూ, ఎక్కడ నేను రైల్వేస్టేషనుకొస్తానో అని తీర్చేశాడు. పీతలు పట్టుకెళ్లినట్టు ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. మూడో వంజరం గురించి కార్యదర్శిని నేను చాలాసార్లు అడిగాను. గతాన్ని వదిలితేనే ముందుకు వెళ్లగలమట. రోజూ గతంలోంచి ఒక తారీఖు తవ్వితీసి మా నెత్తిన పెట్టే మనిషి ఈ మాట అన్నాడు, మొహం కందకుండా.

బోర్డు ఇంకా నడుస్తోంది. అప్ప ఏటా విదియనాడు వస్తుంది, బేరం ఆడదు, మమ్మల్ని తిట్టి వెళ్తుంది. మొక్కు వేరు, బాకీ వేరని ఆమెకు స్పష్టంగా ఉంది. వీధి చివర గంప దించినప్పుడు ఎంత తీరిందని అడుగుతుంది, నేను చెబుతాను. ఈ ఉదయానికి ఆమెకు రావలసినవి వంజరం ఒకటి, చందువలు నాలుగు, కానాగంతలు పదిహేడు, పీతలు రెండు.