పదిహేడు ఊళ్ళ పట్టిక

మొన్న సూర్యాపేటలో ఒక జిరాక్సు దుకాణం ముందు నా వంతు కోసం నిలబడి ఉన్నాను. లోపల ఎవరిదో కార్డు లామినేషన్ యంత్రంలోంచి మెల్లగా బయటికి వస్తోంది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, దాని వెనకే కొంచెం జిగురు వాసన. అది ముక్కుకు తగలగానే నా చూపుడు వేలు బల్ల మీదున్న ధరల కాగితం దగ్గరికి దానంతటదే వెళ్ళి మొదటి వరస మీద ఆగింది. ఆ వేలికి అలా ఆగడం నేర్పింది అనసూయ గారు. రెండేళ్ళ కిందట పోయారు. మిర్యాలగూడ రైల్వే స్టేషన్ దారిలో ఆమెకు డీటీపీ దుకాణం ఉండేది. పెళ్ళి పత్రికలు, దరఖాస్తులు, కరపత్రాలు, రెండు ఇంటర్నెట్ కంప్యూటర్లు. మిల్లు లారీలు పోయినప్పుడల్లా ఊక దుమ్ము వచ్చి కీబోర్డుల మీద కూర్చునేది. ఆమెది కోదాడ. అన్నదమ్ములకు రైసుమిల్లు ఉన్నా అందులో కూర్చోకుండా సొంతంగా ఈ దుకాణం పెట్టుకున్న మనిషి.

నేను నిడమనూరు దగ్గర గొర్రెల మంద ఉన్న ఇంట్లో పుట్టాను. చదివింది పదో తరగతి. మిగతా లెక్కంతా మందను జతలు జతలుగా లెక్కపెడుతూ, గోడ మీది క్యాలెండరును తిరగేస్తూ నాకు నేనే నేర్చుకున్నది. ఏ తారీఖు ఏ వారమో క్యాలెండరు చూడకుండానే చెప్పగలిగేదాన్ని. దానివల్ల ఎవరికైనా ఉపయోగముంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నా ముప్పై రెండో ఏట ఒక దరఖాస్తు టైపు చేయించుకోవడానికి ఆ దుకాణానికి వెళ్ళాను. బల్ల మీద ఒక పెళ్ళి పత్రిక ఆరబెట్టి ఉంది. అటువైపు నుంచి తలకిందులుగానే చదివాను.

"మేడం, గా తారీఖు గురువారం రాదు. శుక్రవారం వస్తది," అన్నాను.

ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను చూశారు. "ఎవరమ్మాయివి నువ్వు? పంతులు గారి అమ్మాయివా?"

"కాదు మేడం. మాయి గొర్లు."

ఆమె లేచి క్యాలెండరు చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. "ఐదొందల కార్డులు. రేపు ప్రెస్సుకి పోవాల్సినవి. ఆ పెళ్ళికొచ్చేవాళ్ళంతా ఒక రోజు ముందే భోజనానికి దిగేవాళ్ళు," అని నవ్వారు. తర్వాత అడిగారు. "రేపటినుంచి తొమ్మిదింటికి రాగలవా? నేను టైపు కొడతాను. నువ్వు పక్కన కూర్చుని చూడు."

అలా చేరాను. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ కాగితమైనా బయటికి పోయేముందు ఒకరు అసలు ప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు తెర మీద వేలు పెట్టి అనుసరించాలి. ఒక్కరే రెండు పనులూ చేయకూడదు. "మన కళ్ళు మనకి నచ్చిందే చూస్తాయి సైదమ్మా," అనేవారు. నాకది కాలయాపనగా తోచేది. నేను మొత్తాలు కూడి చూసుకునేదాన్ని. మొత్తం సరిపోతే అంతా సరిపోయినట్టేనని నా నమ్మకం.

సాగరు కాల్వ నీళ్ళు ఊళ్ళకు వంతుల ప్రకారం వస్తాయి. కొన్నాళ్ళు వదులుతారు, కొన్నాళ్ళు కడతారు. వంతుల కాగితం నీటిపారుదల ఆఫీసులో ఇచ్చినప్పుడల్లా రైతులు జిరాక్సుల కోసం మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఇన్ని కాగితాలెందుకు, ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెడితే అందరూ ఫోన్లలో చూసుకుంటారు కదా అన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "ప్రెస్సులో అయితే ఐదొందలు కొట్టి ఆపుతాం. నెట్‌లో పెట్టింది ఎన్ని కాపీలవుతుందో, ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు. పెట్టడం తేలిక కాబట్టే నాకు భయం," అన్నారు. వారం తర్వాత ఆమే కూర్చుని తెలుగు అక్షరాలు ఏ ఫోనులో చూసినా గళ్ళు గళ్ళుగా విరగకుండా వచ్చేలా పేజీ కట్టిచ్చారు.

పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి ఉండేది. నాకు ఆ అంకె పిచ్చి పట్టుకుంది. టీ తాగుతూ చూసేదాన్ని, బస్సెక్కుతూ చూసేదాన్ని. "నాలుగు వందలు దాటింది మేడం," అంటే, "వాళ్ళలో ఎవరు నీ మాట పట్టుకుని పొలానికి పోయారో ఆ అంకె చెబుతుందా?" అనేవారు. ఆమెకు సంతోషంగా ఉండటం చేతకాదేమోనని లోపల విసుక్కునేదాన్ని.

ఒక యాసంగి పంట కాలంలో పెళ్ళిళ్ళ రద్దీ ఎక్కువగా ఉంది. వంతుల కాగితం వచ్చింది. పదిహేడు ఊళ్ళు. ఆఫీసువాళ్ళు కాల్వ పారే వరసలో రాస్తారు. జనం తమ ఊరు తొందరగా వెతుక్కోవాలని నేను పేర్లను అక్షర క్రమంలోకి మార్చాను. చూడటానికి బాగుంటుందని ఊరి పేరుకూ తేదీకీ నడుమ ఒక నిలువు వరస ఖాళీగా వదిలాను. క్రమం మార్చే సాఫ్ట్‌వేరు ఆ ఖాళీ దగ్గరే ఆగిపోయింది. పేర్లు కదిలాయి, తేదీలు ఉన్నచోటే ఉండిపోయాయి. నేను మామూలుగానే లెక్క చూసుకున్నాను. ఊళ్ళు పదిహేడు, తేదీలు పదిహేడు. సరిపోయింది. ఎవరితోనూ చదివించకుండా పేజీలో పెట్టేశాను.

ఐదో రోజు పాలకీడు వైపు నుంచి యాదగిరి అనే రైతు దుకాణానికి వచ్చాడు. కోపంగా ఉన్నాడు, నా మీద కాదు. "చెల్లె, నీ పట్టికల మా ఊరి వంతు రేపటికుంది. మా లస్కర్ నాలుగు దినాల కిందనే నీళ్ళు ఇడిసి, కట్టేసిండు. నేను ఊర్లనే లేను. ఎవరికో అమ్ముకున్నడు. నీ పట్టిక ప్రింటు తియ్యి, లామినేషన్ గూడ చెయ్యి. ఆఫీసుల ఇచ్చి వాని కొలువు పీకిస్తం. ఊరంతా సంతకాలు పెట్టినం." లస్కర్ అంటే తూములు ఎత్తి దించే కాల్వ పనివాడు. వాళ్ళ ఊరి లస్కర్ పేరు నర్సయ్య.

అతన్ని టీ తాగి రమ్మని పంపి, అనసూయ గారు ఆఫీసు కాగితం తీశారు. "ప్రింటుకి ముందు చదవాలి కదా. వేలు పెట్టు," అన్నారు. ఆమె మొదటి ఊరు, తేదీ చదివారు. నా వేలు కింద వేరే తేదీ ఉంది. రెండోదీ అంతే. ఆమె పదిహేడూ చదివి కాగితం కింద పెట్టారు. "పదిహేడు పెళ్ళిళ్ళు చేశావు సైదమ్మా. ఒక్క పెళ్ళికొడుకూ తన పీటల మీద లేడు."

నేను వెంటనే కూర్చుని పట్టిక సరిచేసి పేజీలో మార్చేశాను. "అయిపోయింది మేడం. ప్రింటరు ఖరాబైందని చెప్పి పంపిద్దాం. ఇగ ఎవరికీ తెల్వదు."

"అదే కదమ్మా ఇబ్బంది. ఎవరికీ తెలియకపోతే ఆ లస్కరు దొంగగానే మిగిలిపోతాడు."

"నా పేజీ మీద నమ్మకం పోతది మేడం."

"పోనీ. నువ్వు మళ్ళీ సంపాదించుకుంటావు. పని పోయాక అతనేం సంపాదించుకుంటాడు?"

గట్టిగా కూడా అనలేదు. ఆ రోజు రెండు పెళ్ళి పత్రికలు ఇవ్వాల్సి ఉన్నా షట్టరు దించేశారు. అంతకుముందు పేజీ పైభాగంలో నాతోనే రాయించారు: పాత పట్టిక తప్పు, తప్పు చేసింది నేను, కాల్వ సిబ్బంది సరైన రోజే నీళ్ళు వదిలారు. నేను మార్చేసిన పాత పట్టికను మళ్ళీ తెప్పించారు. అడ్డంగా గీత కొట్టి, సరైనదాన్ని దాని పక్కనే పెట్టించారు. "ఫోటోలు తీసి గ్రూపుల్లో తిప్పుకునుంటారు. ఇక్కడ నువ్వు తుడిస్తే అక్కడ చెరగదు. అది చూసినవాళ్ళు ఇక్కడికొస్తే తప్పేదో, ఒప్పేదో రెండూ కనబడాలి." తర్వాత యాదగిరికి విషయం చెప్పి, అతనితోపాటే ముగ్గురం బస్సెక్కాం. అతను మాకు దూరంగా వెనక సీట్లో కూర్చున్నాడు.

తూము దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. ఒక ఫోనులో నా పట్టిక ఫోటో ఉంది. నర్సయ్య కాల్వ గట్టు మీద ఒక్కడే కూర్చున్నాడు. అనసూయ గారు నా పక్కన నిలబడ్డారే తప్ప నా బదులు ఒక్క మాటా అనలేదు. "తప్పు నాది. నర్సయ్య వంతు రోజే ఇడిసిండు. నేను తారీఖులు ఒక ఊరియి ఇంకో ఊరికి రాసిన," అన్నాను. ఆఫీసు కాగితం చూపించాను.

"కంప్యూటర్ తప్పు జేయదంటరు గద చెల్లె," అన్నాడు ఒకాయన ఎగతాళిగా.

"కంప్యూటర్ చెయ్యలే అన్నా. నేనే చూసుకోలే."

యాదగిరి సంతకాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "చింపి పారెయ్యి," అన్నారు వెనకనుంచి ఎవరో. చింపాడు. నర్సయ్య నన్ను తిట్టలేదు. "ఇంట్ల నా పెండ్లాం గూడ అడిగింది, ఎంత తీస్కున్నవ్ అని. జర ఆమెకు గూడ చెప్పు," అన్నాడు. వాళ్ళింటికి పోయి ఆమెకూ చెప్పాను.

యాదగిరి వరి అప్పుడు నీళ్ళు తప్పనిసరైన పొట్ట దశలో, కంకి బయటికి రాబోతూ ఉంది. తర్వాతి వంతు వచ్చేసరికి మడుల్లో నెర్రెలు బారాయి. ఆ ఏడు అతని దిగుబడి తగ్గింది. దానికి నేను చేయగలిగిందేమీ లేకపోయింది. ఆ రోజు తిరుగు బస్సులో అనసూయ గారు చేతిసంచిలోంచి వేరుశనగ ఉండ తీసి సగం విరిచి నాకిచ్చారు. ఆ నెల పేజీ చూసేవాళ్ళు సగానికి పడిపోయారు. నాలుగో వంతుకల్లా మళ్ళీ వచ్చారు. కొందరు ముందు పైన తప్పులున్నాయేమో చూసి, ఆ తర్వాతే పట్టిక చూస్తామని చెప్పారు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఒక ఆఫీసులో వివరాలు ఎక్కించే పని చేస్తున్నాను. పేజీ ఇంకా నడుస్తోంది. దానికి కొత్త రూపు ఇచ్చిన కుర్ర ఇంజనీరు ఒకరు, పేజీ పైన ఏళ్ళుగా పెరుగుతూ వచ్చిన తప్పుల జాబితా చూడటానికి బాగాలేదు, తీసేద్దామన్నారు. వద్దన్నాను. అందులో ముప్పై ఒకటి ఉన్నాయి. అన్నీ నావే.

వంతుల కాగితం వచ్చినప్పుడల్లా నర్సయ్యకు ఫోను చేస్తాను. అతను తన దగ్గరున్న కాగితం చూసి కాల్వ పారే వరసలో ఒక్కో ఊరూ, తేదీ చదువుతాడు. నేను తెర మీద వేలు పెట్టి అనుసరిస్తాను. నడుమ దగ్గు వస్తే ఆగుతాడు, నా వేలూ ఆగుతుంది. పదిహేడో ఊరు చదివాక, "వేలు కింద యాడన్న తేడా ఉన్నదా?" అని అడుగుతాడు.

"లేదు."

"అయితే పేజీల పెట్టు," అంటాడు. అప్పుడు పెడతాను.