నారాయణప్పగారి కొబ్బరిచెట్టూ, నా ఇంటర్నెట్టూ

మనిషి తలుచుకుంటే పచ్చటి కొబ్బరిచెట్టుకు బోడిగుండు చేయించగలడు. కత్తి ముట్టక్కర్లేదు, చెట్టెక్కక్కర్లేదు, నోరుంటే చాలు. నేను చేయించాను. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా వీధి వీధంతా ఇప్పటికే కడుపారా నవ్వేసింది కాబట్టి మీకు మిగిలింది ఎంగిలి నవ్వే.

అప్పట్లో మేం బొమ్మసంద్ర దగ్గర నారాయణప్పగారి ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. పై వాటాలో ఆయనా, ఆయన భార్య జయమ్మగారూ ఉండేవారు. తాతల నాడే అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ కుటుంబం. పెరట్లో ఒక ఔట్‌హౌస్, దాని పక్కనే ఒక కొబ్బరిచెట్టు. ఆ చెట్టు జయమ్మగారి అత్తగారు నాటింది. అత్తగారి మీద ఆవిడకి ఎన్ని ఫిర్యాదులున్నా, చెట్టు మీద మాత్రం ఈగ వాలనిచ్చేవారు కాదు.

మా పాప పుట్టాక ఉద్యోగం మానేసిన నా భార్య మాధవి మళ్ళీ పనిలో చేరాలని ప్రయత్నాలు మొదలుపెట్టింది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తే, అవతలివాళ్ళు అడిగిన ప్రతి ప్రశ్నకూ మా పాపే ఏడుపుతో జవాబిచ్చేది. చూసి చూసి నారాయణప్పగారే జాలిపడి ఔట్‌హౌస్ వాడుకోమన్నారు. గది బంగారంలా ఉంది. కానీ మధ్యలో ఉన్న రాతిగోడ దాటి మా వైఫై అక్కడికి వెళ్ళేది కాదు.

"నెట్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. వచ్చి ఒక వైరు లాగి పోతారు" అంది మాధవి.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే ఇంజనీరు ఇంట్లో ఉండగా బయటివాళ్ళెందుకు?"

"నువ్వు చేసేది టెస్టింగ్ కదా?"

"అయితే?"

"అయితే ఏముంది, ఇంకొకళ్ళు కట్టింది పడగొట్టడమే కదా నీ పని."

ఆమె ఎగతాళికి అంది. అది జోస్యమని నాకప్పుడు తెలియలేదు.

ఇక నా మహత్తర పథకం వినండి. నారాయణప్పగారి టీవీ డిష్ ఆ ఔట్‌హౌస్ కప్పు మీదే ఉండేది. దాన్నుంచి ఒక నల్ల కేబుల్ ఔట్‌హౌస్ గదిలోకి దిగి, అక్కడినుంచి నేలకింద పైపులో మా వాటా దాకా వచ్చి, మా హాలు కిటికీ పక్కగా మేడెక్కి ఆయన టీవీకి చేరేది. అలాంటి టీవీ కేబుల్ మీద ఇంటర్నెట్‌ను కూడా పంపే డబ్బాలు జతగా దొరుకుతాయని నేనొక వ్యాసంలో చదివాను. ఈ కొసన ఒక డబ్బా, ఆ కొసన ఒక డబ్బా పెడితే కొత్త వైరు లాగే పనే లేదు. వ్యాసం చివర్లో "డిష్ కేబుల్ అయితే మాత్రం" అని ఏదో పేరా మొదలైంది. సంగతి అర్థమయ్యాక ఇంకా చదవడం సమయం వృథా అని నా నమ్మకం.

డబ్బాలు తెప్పించాను. ఇంటివాళ్ళు హొసకోటెలో ఏదో పెళ్ళికి వెళ్ళిన రోజు చూసి, కిటికీ దగ్గర కేబుల్‌ను తెంపాను. ఒక కేబుల్‌ను రెండుగా చీల్చే స్ప్లిటర్ అనే బుల్లి వస్తువును అక్కడొకటి, ఔట్‌హౌస్‌లో ఒకటి బిగించి, డబ్బాలు తగిలించాను. రెంటి మీదా పచ్చలైట్లు వెలిగాయి! పాపను ఎత్తుకుని ఆ లైట్లు చూపించాను. పాప చప్పట్లు కొట్టింది. జీవితంలో నా ఇంజనీరింగ్‌కు చప్పట్లు పడింది ఆ ఒక్కసారే.

సాయంత్రం వాళ్ళు తిరిగి రాగానే మేడమీదికి వెళ్ళి, "టీవీ బాగా వస్తోందా అంకుల్?" అని అడిగాను.

కన్నడ వార్తలు చూస్తున్న నారాయణప్పగారు, "బాగనే వస్తాండాది. యాలప్పా?" అన్నారు.

"సుమ్మనే, ఊరికే అడిగాను."

చూశారుగా, అదీ నా టెస్టింగ్. ఒక్క చానెల్ చూసి పాస్ మార్కులు వేసేశాను.

మర్నాడే పైనుంచి పిలుపొచ్చింది.

"ఏమప్పా రవీ, ఈ టీవీకి ఏం దయ్యం పట్టిందో రొంత సూడు. కన్నడం చానెళ్ళన్నీ బాగుండాయి. మా ఆమె సీరియల్ వచ్చే చానెల్ మాత్రం ముక్కలు ముక్కలుగా పగిలిపోతాండాది."

"కోడలు కొంగు బిగించి అత్తకు ఎదురు తిరిగింది నాయనా," అన్నారు జయమ్మగారు దీనంగా, "అంతలోనే ఆమె ముకం చెదిరిపాయ. ఏమనిందో ఏమో!"

డిష్ సిగ్నలూ నా నెట్ సిగ్నలూ ఆ ఒక్క కేబుల్‌లో, సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఒకే లేన్‌లోకి దూరిన బస్సూ లారీలా, ఇరుక్కుపోయి ఉంటాయా అని ఒక అనుమానం తొంగిచూసింది. దాన్ని వెంటనే లోపలికి తోసేసి తలుపు వేశాను. నిజం చెబితే డబ్బాలు తీసెయ్యాలి, మాధవి ముందు తల దించుకోవాలి. ఏం చెప్పాలా అని కిటికీలోంచి బయటికి చూశాను. ఎదురుగా కొబ్బరిచెట్టు గాలికి హాయిగా ఊగుతోంది. పాపం, దానికి నోరులేదు.

"ఆ మట్టలు చూడండి అంకుల్," అన్నాను గంభీరంగా. "డిష్‌కి అడ్డం వస్తున్నాయి."

"ఇన్నేండ్లు లేని అడ్డం ఇప్పుడెట్లొచ్చ?"

"పెరిగాయి కదండీ. ఒక్కో చానెల్ ఆకాశంలో ఒక్కో మూలనుంచి వస్తుంది. ఆంటీ చానెల్ సరిగ్గా ఆ మట్టల సందులోంచి రావాలి."

ఇది శుద్ధ అబద్ధం. కానీ నేను ఎంత ధీమాగా చెప్పానంటే, ఒక నిమిషం నేనే నమ్మాను.

"డిష్ వాళ్ళను పిలవనా?"

"నేనుండగా వాళ్ళెందుకండీ!" అన్నాను కంగారుగా.

"ఇంజనీరు చెప్పినంక ఇంగేముండాది" అన్నారు నారాయణప్పగారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం చెట్టెక్కే మునియప్పను పిలిపించి, డిష్‌కి అడ్డమని నడిమొవ్వు తప్ప మట్టలన్నీ నరికించారు. అత్త మీది కోపం దుత్త మీద అంటారు. నా కేబుల్ పాపం అత్తగారి చెట్టు మీద.

ఇక్కడే విధి నాతో ఆడుకుంది. ఆఖరి మట్ట నేలమీద పడే సమయానికి కరెంటు పోయింది. మేడ మీద యూపీఎస్ ఉంది కాబట్టి వాళ్ళ టీవీ నడుస్తూనే ఉంది. మా వాటాకి అది లేదు కాబట్టి నా డబ్బాలు ఆరిపోయాయి. పైనుంచి జయమ్మగారి కేక వినిపించింది. "వచ్చె! వచ్చె! అద్దంలో సూసినట్లుండాది!"

నారాయణప్పగారు నా భుజం తట్టి, "నీ తల తలకాయ కాదప్పా, కంప్యూటరు" అన్నారు.

కాసేపటికి కరెంటు వచ్చింది. నా డబ్బాల మీద పచ్చలైట్లు వెలిగాయి. పైనుంచి, "అయ్యో, మల్లా పాయనే!" అని వినబడింది.

ఇక అనుమానం కాదు, రుజువే. ఆ రాత్రికే డబ్బాలు పీకేసేవాణ్ణి. కానీ మర్నాడు పొద్దున మాధవికి ఒక మంచి కంపెనీ ఇంటర్వ్యూ. నెలల తరబడి ఎదురుచూసిన అవకాశం. అది ముగిసిన మరుక్షణం గుట్టుచప్పుడు కాకుండా తీసేద్దాం అనుకుని పడుకున్నాను.

పొద్దున్నే మాధవి ఔట్‌హౌస్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను పాపకి ఇడ్లీ తినిపిస్తూ పెరట్లోకి వస్తే, మునియప్ప తాడూ కత్తీ పట్టుకుని మళ్ళీ చెట్టెక్కుతున్నాడు. కింద జయమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

"ఏంటంకుల్ ఇది?"

"నువ్వు చెప్పింది నిజమప్పా. మట్టలు కొడితే రొంతసేపు వచ్చె, మల్లా పాయ. అంటే మిగిలిన చెట్టు కూడా అడ్డమే కదా? తల కొట్టించి, ఆమీద మొదలంటా తీయించేస్తా."

"ఒక్క గంట ఆగండి అంకుల్!"

"రాహుకాలం వస్తాది. ఆ లోపల కానీయాల."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని సామెత. నేను ఆకులు నరికించాక ఆయన చేతులు పట్టుకున్నాను. "అంకుల్, చెట్టు తప్పేం లేదు. తప్పు నాది. మీ కేబుల్‌లోంచి నా నెట్ పంపుతున్నాను. అందుకే టీవీ రావట్లేదు."

ఆయన నన్ను ఆప్యాయంగా చూశారు. "మా ఆమె ఏడుస్తాందని చెట్టు కోసరం అబద్ధం చెప్తాండావు. ఎంత మంచి మనసప్పా నీది!"

అదండీ నా గతి. అబద్ధం చెబితే ఇంజనీరునయ్యాను, నిజం చెబితే అబద్ధాలకోరునయ్యాను.

"నిజం అంకుల్! కావాలంటే ఇప్పుడే డబ్బా పీకి చూపిస్తాను" అనేశాను. అన్న తర్వాత గుర్తొచ్చింది, లోపల ఇంటర్వ్యూ నడుస్తోందని.

ఒకవైపు జయమ్మగారి కన్నీళ్ళు, పైన మునియప్ప కత్తి. ఇంకోవైపు మూసిన తలుపు వెనక నా భార్య భవిష్యత్తు. పాప నోరు తెరిచి ఇడ్లీ కోసం చూస్తోంది. నేను కళ్ళు మూసుకుని హాల్లోకి పరిగెత్తి, డబ్బా ప్లగ్గు పీకేశాను.

"వచ్చె!" అని పైకి పరిగెత్తిన జయమ్మగారి కేక మేడ మీంచి మోగింది.

నేను పెరట్లోకి తిరిగొచ్చేసరికి నారాయణప్పగారి ముఖం మారింది. ఆయన నన్ను చూశారు, బోడిగా నిలబడ్డ చెట్టును చూశారు, మళ్ళీ నన్ను చూశారు. తిట్టినా బాగుండేది. నా చూపు మాత్రం ఔట్‌హౌస్ తలుపు మీదే ఉంది. ఇప్పుడు తెరుచుకుంటుంది, ఇప్పుడు భద్రకాళి బయటికొస్తుంది అని కాచుకుని నిలబడ్డాను. తలుపు తెరుచుకోలేదు. లోపల కూలబడి ఏడుస్తోందేమో అనుకున్నాను.

చాలాసేపటికి మాధవి నవ్వుతూ బయటికొచ్చింది. "భలే జరిగింది! తర్వాతి రౌండ్‌కి రమ్మన్నారు."

"మధ్యలో నెట్ కట్ కాలేదా?" అడిగాను.

"నీ నెట్టా? అది మొదటిరోజే పదిసార్లు తెగింది. అప్పుడే వదిలేశాను. రోజూ నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడుపుతున్నాను. ఈ గదిలో సిగ్నల్ బ్రహ్మాండం."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఆ పచ్చలైట్లు చూసుకుని నువ్వంత మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు."

నారాయణప్పగారు ఒక్కొక్క వేలే మడుస్తూ లెక్కపెట్టారు. "అంటే ఏమప్పా, మా టీవీ పాయ, చెట్టు మట్టలు పాయ... ఆ నెట్టును ఎవురూ వాడనే లేదా?"

"లేదంకుల్" అన్నాను.

"నేను దిగాల్నా, ఈడే ఉండాల్నా?" అని చెట్టుమీంచి మునియప్ప అరిచాడు.

జయమ్మగారు కిందికొచ్చి నా చెయ్యి పట్టుకుని కొబ్బరిచెట్టు మొదలు మీద పెట్టించారు. "ఒట్టెయ్యి" అన్నారు. వీధిలోంచి ఇద్దరు ముగ్గురు గోడమీంచి తొంగిచూస్తుండగా, నేను గొంతు సవరించుకుని ప్రమాణం చేశాను.

"నవగ్రహాల సాక్షిగా, పైన తిరిగే ఉపగ్రహాల సాక్షిగా చెబుతున్నాను. ఇతరుల వైరు ముట్టను. నా వైరు అసలే ముట్టను. ఇక బతికున్నంత కాలం నా తప్పు ఏ చెట్టు మీదికీ, ఏ చేమ మీదికీ నెట్టను!"

"ఒట్టు సరే గానీ," అన్నారు నారాయణప్పగారు, "ఆ నెట్టు మాట మాత్రం ఎత్తొద్దప్పా."