ఇద్దరు దొరల నడుమ అవ్వ

పీలమేడు కాలేజీలో మాకు ఆర్థికశాస్త్రం చెప్పిన మాస్టారు పాఠమంతా ఇంగ్లీషులోనే చెప్పేవారు. మా పరిశోధనా వ్యాసాలు దిద్దేటప్పుడు మాత్రం వాక్యం మీద వేలు పెట్టి, మా ఇళ్లల్లో మాట్లాడే తెలుగులో ఒకటే అడిగేవారు: "ఇది యెవురు చెప్పినారు?" జవాబు వచ్చేదాకా వేలు తీసేవారు కారు.

నల్లరేగడి పల్లెల వాళ్లు ఇక్కడి నూలు మిల్లుల పనికి ఎందుకు వచ్చారన్నది నా వ్యాసం. బావులు ఎండినప్పుడు కాదు, ఎద్దులు అమ్ముకున్నాకే ఊరు విడిచారని రాశాను. వేలు అక్కడ ఆగింది.

"మా అవ్వ చెప్పింది సార్."

"అయితే చివర పుస్తకాల పట్టికలో అవ్వ పేరేది?"

"అవ్వ పుస్తకం కాదు కదా సార్. పేరు కూడా నాకు తెలీదు."

క్లాసంతా నవ్వింది. మా ఇళ్లల్లో పెద్దవాళ్లను పేరుతో పిలవరు. ఆయన మాత్రం నవ్వలేదు.

"మాట కావల్ల, పేరు వద్దా? అడిగి రా. లేదంటే ఆ మాట కొట్టెయ్."

అది కొట్టేస్తే నా వ్యాసంలో మిగిలేదేమీ లేదు.

సింగానల్లూరులోని మా ఇంట్లో అవ్వ సిగ్గుపడుతూ పేరు చెప్పింది. ఇంటిపేరు ముందు, ఆమె పేరు తర్వాత, ఆపైన ఊరు, చెప్పిన నెల రాసి పట్టిక చదివి వినిపించాను. ఆమె పేరుకు పైనా కిందా ఇంగ్లీషు రచయితలే.

"ఇద్దురు దొరల నడాన నన్నేలరా కూచోబెడితివి? తీసెయ్ సామీ!"

ఆ మాట మాస్టారికి చెప్పాను. ఆయన అవ్వ పేరు మీద వేలు పెట్టి నిదానంగా చదివారు.

"అక్షరాల వరసప్పా అది. దొరలైనా జరిగి చోటియ్యవల్ల అని చెప్పు" అని వేలు తీశారు.