మేమిద్దరం పాడిన నాలుగు పాటలు

మేమిద్దరం కలిసి విడుదల చేసిన పాటలు మొత్తం నాలుగు. నాలుగూ వేసవిలోనే వచ్చాయి. సముద్రంలో వేట నిషేధం ఉన్న ఆ రెండు నెలలే నా స్నేహితురాలికి తీరిక. మిగతా రోజుల్లో తెల్లారేసరికి అది రేవులో చేపలు కొంటూ ఉండాలి. నాది శ్రీకాకుళంలో కిరాణా కొట్టు. మా ఇంట్లో చేప పేరెత్తితేనే అత్తగారు గుమ్మం కడిగిస్తుంది. కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చోబట్టి కలిశాం గానీ, మాకూ వాళ్లకీ పొత్తెక్కడిది?

మొదటి పాట విజయనగరంలో, సెల్‌ఫోన్ల షాపు మేడ మీద గదిలో రికార్డు చేశాం. పడవ మీదున్న మొగుడికి ఒడ్డు నుంచి వినపడేలా కేకేసే గొంతు దానిది. నోరు తెరవగానే కంప్యూటర్లో గీతలన్నీ ఎర్రబడ్డాయి. రికార్డింగు చేసే అతను బెదిరిపోయి, "అమ్మా, కొంచెం ఎనక్కి," అన్నాడు. వెనక్కి, ఇంకా వెనక్కి, గుమ్మం దాటించి చివరికి మెట్ల మీదికి పంపాడు.

"ఇంకేటి, బస్టాండు కాడికెల్లి పాడమంతావేటి?" అని అక్కణ్ణించే అరిచింది. అదీ రికార్డయింది. నవ్వాపుకోలేక నేను మైకు ముందే చతికిలబడ్డాను.

ఆ అరుపుని తీసెయ్యలేదు. జనం పాటని వదిలేసి అరుపుని పట్టుకున్నారు. అప్పట్నించి అదే మా పద్ధతి: మైకు దగ్గర నేను, మెట్ల మీద అది. రెండో పాట పెళ్లి ఊరేగింపుల్లో మోగింది. మూడోది మా అమ్మ తప్ప ఎవరూ వినలేదు. నాలుగోది సాలూరు లారీ డ్రైవర్లకి నచ్చి, ఎక్కడెక్కడికో పోయింది. మావి ఏ రకం పాటలని ఎవరో అడిగితే, రికార్డింగతను పాప్-సోల్ అన్నాడు. ఏమిటో తెలియకపోయినా ఇద్దరం గంభీరంగా తలలూపాం.

ఆ నాలుగో పాట విని విశాఖపట్నం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నెట్‌లో మా పాటల కింద ఉండే నంబరు నాది. "మా కొత్త పాటకి ఆ దూరం నుంచి పాడే ఆవిడ కావాలండి. ఆవిడొక్కరే చాలు," అన్నాడు. సరేనండి అని పెట్టేశాను. రెండు రోజులు దానికి చెప్పలేదు. కుళ్లు, ఇంకేం కాదు. కందిపప్పు అడిగినవాళ్లకి పెసరపప్పు కట్టిచ్చాను.

మూడో రోజు ఉండబట్టలేక దాని దగ్గరికెళ్లి కక్కేశాను. అది ఎండుచేపలు తిరగేస్తోంది. నువ్వు లేందే నేను వెళ్లనంటుందని లోపల్లోపల ఆశ.

"ఎల్తాను. ఎందుకెల్లనే? నువ్వూ రా, బస్సులో తోడుగుంతావు," అంది. "ఇంత సంగతి రెండ్రోజులు ఎలాగ దాసేవే? కడుపుబ్బిపోనేదా?" అని పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

విశాఖలో దాన్ని అద్దాల గదిలో నిలబెట్టారు. ఇవతల బల్ల మీద నేను. అది గాభరా పడుతుందని, శ్రుతి జారుతుందని, నన్ను పిలుస్తుందని ఎదురుచూశాను. నిజం చెప్పొద్దూ, కోరుకున్నాను. ఒక్క తప్పూ పోలేదు. పైగా మా పాటల్లో ఏనాడూ ఎత్తనంత గొంతు ఎత్తింది. నేను బల్ల మీంచి లేచి నిలబడ్డాను.

బయటికొచ్చి చెమట తుడుచుకుంటూ, "బాగుందేటే?" అంది.

"ఇంత గొంతుంటే ఇన్నాళ్లూ తగ్గించి పాడేవేమే?" అన్నాను.

"మరి నువ్వు ఇనిపించాల కదేటి," అంది.