సూతకం తగలని పండగ

నా భార్య కిందటి కార్తీకంలో చనిపోయింది. ఏడాది తిరిగే వరకు మా అన్నదమ్ముల ఇళ్లలో పండగ చేయకూడదు. సంక్రాంతికి మదనపల్లెలో మా ఇంటి ముందు రంగుముగ్గు లేదు. పుంగనూరులో తమ్ముడింటి ముందూ లేదు. ఉగాదికి అక్కడ పచ్చడి కూడా చేయలేదని విన్నప్పుడు నాకు తృప్తిగా అనిపించింది. ఆమె లేని లోటు రెండిళ్లలో ఉందనుకున్నాను.

ఏప్రిల్ నడుమ తమ్ముడు ఫోన్ చేసి రమ్మన్నాడు. వాడి కొడుకు కుప్పంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాడు. బెంగుళూరులో చదివేటప్పుడు పరిచయమైన థాయ్‌లాండ్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ వారం థాయ్ వాళ్లకు కొత్త సంవత్సరమట. పెద్దల చేతుల మీద నీళ్లు పోసి దీవెన తీసుకుంటారట. వీధిలో ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారట.

"మనకు ఈ ఏడు పండగ లేదు కదరా," అన్నాను.

ఫోన్ మరదలు అందుకుంది. "ఇది మన పండగ కాదు గదా బావా. మన పంచాంగంలోనే ల్యాదు. దీనికి సూతకం తగల్దని అయ్యవారే చెప్పినాడు. పాపం, ఆ బిడ్డ ఇంటి మీద బెంగ పెట్టుకోనుండాది. రా బావా."

అయ్యవారి మీద కోపం వచ్చింది. అయినా వెళ్లాను.

నేను చేరేసరికి వీధిలో పిల్లలు తడిసి ముద్దయి ఉన్నారు. కోడలు వాళ్ల బుగ్గలకు తెల్లటి పిండి పూస్తూ నవ్వుతోంది. ఎదురింటామె గడపలో నిలబడి అరుస్తోంది.

"తాగే నీళ్లకు ట్యాంకరు కోసరం కాసుకోనుంటే, మీరు ఈడ సల్లుకుంటాండారా?"

"మా బోరు నీళ్లులేమ్మా. నువ్వూ రా, నీ మొగానికీ పూస్తాది," అంది మరదలు.

ఆమె కొంతసేపు గొణిగి, నిజంగానే వచ్చి ముఖం చాపింది.

వరండాలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి తమ్ముణ్ణీ మరదలినీ కూర్చోబెట్టారు. కోడలు మోకాళ్ల మీద కూర్చుని, మల్లెపూలు వేసిన నీళ్లను చిన్న గిన్నెతో తమ్ముడి చేతుల మీద పోసింది. సగం నీళ్లు మోచేతుల దాకా కారాయి.

"సేతులు సక్కంగా పట్టు. ఇన్నేండ్లొచ్చినా దోసిలి పట్టేది రాదు," అంది మరదలు, కొంగుతో వాడి మోచేతులు తుడుస్తూ. వాడు మెల్లగా ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న నాకు ఆ కసురు మీద అసూయ కలిగింది. నన్ను అలా కసిరే మనిషి ఇప్పుడు లేదు. తనకు ఉందన్న సంగతి వాడికి గుర్తు కూడా లేదు. మరదలికి షుగరు, మోకాళ్ల నొప్పులు. మాత్రల డబ్బా లేనిదే గడప దాటదు. నా భార్యకు అప్పుడప్పుడూ తలనొప్పి తప్ప ఏ జబ్బూ ఉండేది కాదు. అలా పోల్చి చూడకూడదని తెలుసు. చూశాను.

"యాల బావా ఆడ్నే నిలబడుకోనుండావు? రా, కూర్చో."

వాళ్లిద్దరూ లేచారు. నేను ఒక కుర్చీలో కూర్చున్నాను. రెండోది తీసేయాలని ఎవరికీ తోచలేదు.

కోడలు నా చేతుల మీద నీళ్లు పోసింది. ఖాళీ కుర్చీ వైపు చూసి, మొగుడితో ఏదో అంది.

"పెదనాయనా, పెద్దమ్మ బూడిద యాడ పెట్టినారని అడుగుతాండాది. వాళ్ల ఊర్లో ఈ పొద్దు ఆడ గూడా నీళ్లు పోస్తారంట."

"ఎక్కడా పెట్టలేదు, ఏట్లో కలిపామని చెప్పు."

అతను చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి, గిన్నె మళ్లీ నింపింది.

"ఇది పెద్దమ్మకంట. నువ్వే పట్టుకోవల్లంట."

ఈసారి వేళ్లు దగ్గరగా చేర్చి పట్టుకున్నాను.

"ఇదేం న్యాయమప్పా! మాకు ఒగసారి, అన్నకు రెండుసార్లా?" అన్నాడు తమ్ముడు.

"నీకు యాల కడుపుమంట?" అంది మరదలు.

నేను వాడి ముఖం చూశాను. నవ్వుతున్నాడు కానీ, సగం నిజంగానే అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. మరదలు తువ్వాలు అందించింది. కాసేపాగి తుడుచుకుంటానని చెప్పి, తడి చేతులు అలాగే పట్టుకుని కూర్చున్నాను.