చిన్నమ్మ పంపిన మొగులు

ఆరుద్ర కార్తె మొదలైన రెండో రోజు పొద్దున మా చిన్నమ్మ పోయింది. చెన్నూరు దగ్గరి మా ఊరి నుంచి నన్ను కన్న అవ్వ ఫోన్ చేసింది. "చెల్లె లేదు బిడ్డా, గుండె ఆగిపోయింది," అని మాత్రం చెప్పగలిగింది. కరీంనగర్‌లో బస్సెక్కాను. దారి పొడవునా ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

చిన్నమ్మ మీకెవరికీ తెలియదు. రెండెకరాల పత్తిచేను చేసుకుని బతికిన మనిషి. వానాకాలమంతా మబ్బుల ఫొటోలు తీసేది. ఆమె భర్త, మా చిన్నబాపు, గల్ఫ్‌లో డ్రైవర్. సెలవు దొరికితే చలికాలంలోనే దొరికేది. పదకొండేళ్లుగా ఆయన మన వానలు చూడలేదు. రోజూ ఫోన్‌లో "మొగులైందా?" అని మబ్బుల సంగతి అడిగేవాడట. చెప్పి చెప్పి విసిగి ఒకరోజు ఫొటో తీసి పంపింది. ఇక ఆపలేదు.

కొంగుతో ఫోన్ తుడిచి, అడ్డంగా పట్టుకుని, గట్టు మీద కదలకుండా నిలబడేది. "మొగులొక్కటే తీస్తే ఏ ఊరిదని తెలుస్తది? కింద మన చేను కనబడాలె," అనేది. తొందరపెడితే, "మొగులు ఆగది బిడ్డా, మనమే ఆగాలె," అని నవ్వేది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు వెళ్లి, ఒక మధ్యాహ్నం ఆమె చేనులో కలుపు తీస్తున్నాను. నాతో ఇంకో నలుగురు ఆడవాళ్లున్నారు. చిన్నమ్మ గట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడింది. నాకు ఒళ్లు మండింది.

"అందరం నడుములు ఇరగంగ పని చేస్తుంటే నీకు ఫొటోలా?" అన్నాను.

ఆమె చూపు మబ్బు మీదే ఉంది. కాసేపటికి చినుకులు పడ్డాయి. అందరం ఇప్పచెట్టు కిందికి పరుగెత్తాం. చిన్నమ్మ కేకలేస్తూ వచ్చింది.

"చెట్టు కింద వద్దు! మోటారు గదిలకు ఉరుకుండ్రి!"

"జర ఆగు చిన్నమ్మా, తడుస్తం."

"తడిస్తే సావరు!" అంటూ నా రెక్క పట్టి లాగింది. మిగతావాళ్లను తిట్టి మరీ తరిమింది. మేం గదిలో అడుగుపెట్టామో లేదో పిడుగు పడింది. తలుపు సందులోంచి చూస్తే ఇప్పచెట్టు నిలువునా చీలి పొగలు కక్కుతోంది.

నీకెట్లా తెలుసని అడిగితే, "రోజూ చూస్త గదా. గా మొగులు పాలు పొంగినట్టు పొంగుతున్నది," అంది.

ఆ రోజు అన్న మాటకు నేను క్షమాపణ అడగలేదు. అడగొచ్చులే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను.

చిన్నబాపు మూడో రోజుకు గాని చేరుకోలేకపోయాడు. అప్పటికి అంతా అయిపోయింది. పన్నెండో రోజు సాయంత్రం చేను చూస్తానంటే తోడు వెళ్లాను. చిన్నమ్మ పెట్టిపోయిన పత్తి గింజలు మొలిచి నాలుగాకులు వేశాయి. గోదావరి వైపు నల్లగా మబ్బు పట్టింది. ఎక్కడో దూరంగా ఉరిమింది. ఆయన ఉలిక్కిపడి ఆగిపోయాడు.

"ఇంటికి పోదాం చిన్నబాపూ," అన్నాను.

"జరసేపు ఉండు బిడ్డా. అన్నీ పంపింది మీ చిన్నమ్మ. ఫొటోల గీ సప్పుడు రాలే," అన్నాడు.

మళ్లీ ఉరిమింది. మొలకలు తొక్కకుండా సాళ్ల నడుమ రెండు పాదాలూ దగ్గరపెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆయన వింటూ నిలబడ్డాడు.