అచ్యుతరామయ్యగారి ‘ఎనఫ్’

అచ్యుతరామయ్యగారి పేరు మీరు విని ఉండరు. ఇంగ్లీషు సినిమాలకు తెలుగు మాటలు రాసేవాళ్ల పేర్లు ఎవరికి కావాలి? తెనాలి నుంచి మద్రాసొచ్చారు. ఊరి పేరు చెన్నైగా మారినా, సాలిగ్రామంలో అదే అద్దె వాటాలో ఉండిపోయారు. తెర మీద దొర పెదాలు ఎలా కదిలితే అలా కదిలే తెలుగు మాట వెతకడం ఆయన పని. పెదాలు మూసుకున్నచోట పకారమో బకారమో మకారమో పడి తీరాలి. పడకపోతే జనం నవ్విపోతారు.

ఆ మాటల్ని మైకు ముందు పలికేదాన్ని నేను. నా పేరు విజి. మాది చింతాద్రిపేట, తాతముత్తాతల నాటి నుంచీ ఈ మద్రాసులోనే. నా యాసను తిట్టి తిట్టి, నాకు సినిమా తెలుగు నేర్పింది ఆయనే.

ఆయన్ను ఏడిపించుకుతిన్న మాట ఒకటుంది. ‘ఎనఫ్’. అది లేని ఇంగ్లీషు సినిమా ఉండదు. వడ్డించే తల్లితో అంటే ‘చాలు’. కొట్టుకునే పిల్లలతో అంటే ‘ఇక ఆపండి’. తిండిగింజల సంగతైతే ‘సరిపడా ఉన్నాయి’. పెళ్లాం మొగుడి మీద అరిస్తే ‘విసిగిపోయాను’. ఒకసారి యుద్ధం వద్దనుకున్న ముసలి రాణి ఆ మాటే అంది. దానికి ఆయన పూటంతా కూర్చుని ‘తృప్తి’ అని రాసి కొట్టేశారు, ‘ఓపిక లేదు’ అని రాసి అదీ కొట్టేశారు. కడకు ‘చాలించాను’ అని నా చేత పలికించి, అప్పుడు భోజనానికి లేచారు.

ఇంట్లో ఆయనకు అద్దం రాగిణక్క. రాసిన ప్రతి మాటా భార్య చేత పలికించి, ఆమె పెదాలు చూసేవారు. పొయ్యి మీద పోపు మాడుతున్నా వదిలేవారు కాదు. “దొరలందరికీ మాటలు అందించేది నేను, నా మాట వినే తీరిక మాత్రం ఈయనకి లేదు” అని అక్క నా దగ్గర దెప్పేది. నవ్వుతూనే అనేది గానీ, అందులో నిజం ఉంది.

ఆ అక్కకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి, మెడకు రంధ్రం పెట్టి గొట్టం అమర్చారు. ఊపిరి ఆడింది, గొంతు పోయింది. కొన్నాళ్లు బాగానే ఉండి, జబ్బు మళ్లీ తిరగబెట్టింది. పురసవాక్కం దగ్గరి ఆస్పత్రిలో డాక్టర్ జయరామన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇంకో ఆపరేషన్ చేయవచ్చు. జబ్బు పోదు. కొన్ని నెలలు కలిసి రావచ్చు, ఆ నెలలూ చాలావరకు ఈ మంచం మీదే. అందుకు పేషెంటు ఒప్పుకోవాలి.

అక్క చేతులు వాచిపోయి కలం పట్టలేవు. మెడ చుట్టూ కట్టు, తల ఊపే వీల్లేదు. మిగిలింది పెదాలే. వాటిని చదివి చెప్పేది అచ్యుతరామయ్యగారే. వార్డులో అందరూ ఆయన మాటే ఆమె మాటగా తీసుకునేవారు.

డాక్టర్ అడిగాడు. అక్క పెదాలు కదిలాయి.

“ఎన్న సొల్రాంగ సార్?” ఏమంటున్నారని ఆయన వైపు తిరిగాడు జయరామన్.

“సరేనంటోంది” అన్నారు అచ్యుతరామయ్యగారు.

నేను మంచం కాళ్ల దగ్గరే ఉన్నాను. పెదాలు చూసి అన్నం తింటున్నదాన్ని. అక్క పెదాలు చివర గుండ్రంగా ముందుకొచ్చాయి. ‘సరే’ అన్న మనిషికి అలా రావు. ఆమె అన్నది ‘చాలు’. నాకు ఒళ్లు మండిపోయింది.

వరండాలో ఆయన్ను పట్టుకున్నాను. “గురువుగారూ, అక్క సరే అన్లేదు. చాలనింది. ఈ కండ్లతో చూసినా నేను.”

“చాలంటే? పాలు చాలనేమో. నీకేం తెలుసు?”

“ఆడ పాలెక్కడుండాయి సార్? ఎందుకిట్లా చేస్తా ఉండారు?”

ఆయన గోడకు ఆనుకున్నారు. “ఎంతమంది నోట్లో ఎన్ని మాటలు పెట్టానే విజీ. ఈ ఒక్క మనిషి నోట్లో నాకు కావలసిన మాట పెట్టుకోకూడదా? మీ అక్క లేకపోతే నేనెట్లా బతకను?” అని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. అయినా నా కోపం చల్లారలేదు. కోసేది ఆయన గొంతు కాదు కదా.

ఆపరేషన్ రోజు పొద్దున జయరామన్ సంతకం కోసం వచ్చాడు. వాళ్లమ్మాయి లయ తల్లి పాదాలు నిమురుతోంది. అక్క భర్తనే చూస్తూ పెదాలు కదిపింది. ఈసారి ‘చాలు’ కాదు. నోరు తెరిచి, పెదాలు రెండూ బిగించి మూసి, వదిలింది. ‘ఆపండి.’ ఆయన అటూ ఇటూ తిప్పలేని మాటను ఏరుకుంది. మళ్లీ అంది. మళ్లీ.

“ఎన్న సొల్రాంగ?” అన్నాడు జయరామన్.

అచ్యుతరామయ్యగారు నా వైపు చూశారు. నేను చూపు అక్క మీదకు తిప్పాను. ఆ మాట ఆయనే చెప్పాలి.

“ఎనఫ్” అన్నారు. “ఎనఫ్ అంటోంది, డాక్టర్.”

జయరామన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లయ మాత్రం తండ్రి మీద విరుచుకుపడింది. “అమ్మ అట్లా అనదు. మీరే అంటున్నారు!” నిన్న అబద్ధం చెబితే నమ్మిన పిల్ల, ఇవాళ నిజం చెబితే నమ్మలేదు. ఆయన తలొంచుకుని ఆ మాట పడ్డారు.

అక్కను ఇంటికి తీసుకొచ్చాం. పెదాలు కదిలినప్పుడల్లా “అమ్మ ఏమంటోంది నాన్నా?” అని లయ పిలిచేది. “నువ్వే చూడు తల్లీ” అనేవారు తప్ప చెప్పేవారు కాదు. లయ వంగి, కళ్లు చికిలించి, తల్లి పెదాల్ని చదవడం మొదలుపెట్టింది. దుప్పటి కావాలంటోందని, కిటికీ తెరవమంటోందని తనే పోల్చుకునేది. తప్పు పోతే అక్క కళ్లతోనే విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం అక్క ఆయన్ను దగ్గరికి రమ్మన్నట్టు చూసింది. ఆయన మంచం మీదకు వంగారు. చాలాసేపు మాట్లాడింది. ఆయన వీపు అడ్డమొచ్చి మాకెవరికీ ఏమీ కనబడలేదు.

“ఏమంది నాన్నా?” అంది లయ.

“నాకు చెప్పిందమ్మా” అన్నారాయన.

సాయంత్రానికి రాగిణక్క పోయింది. ఆ మాటలేమిటో ఆయన ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.